హైడ్ మారువేషం కాదు

ఎడిన్‌బరోలో హెరియట్ రో వీధి, 17వ నంబరు ఇల్లు. ఆ ఇంట్లో ఒక పిల్లవాడి పడకగదిలో పెద్ద చెక్క బీరువా ఉండేది. ఆ పిల్లవాడు రాబర్ట్ లూయిస్ స్టీవెన్సన్. 1850లో పుట్టాడు. పసితనం నుంచీ ఊపిరితిత్తుల జబ్బు. రాత్రంతా దగ్గుతో నిద్ర ఉండేది కాదు. పక్కన కూర్చునే ఆయా ఆలిసన్ కనింగ్‌హామ్ ప్రేమగల మనిషి, కానీ కరడుగట్టిన భక్తురాలు. నరకం ఎలా ఉంటుందో, పాపం చేసినవాళ్ళు ఏమవుతారో కథలు కథలుగా చెప్పేది. ఆ కథలు వింటూ పిల్లవాడు చూస్తున్న బీరువాను తయారుచేసినవాడు విలియం బ్రోడీ.

బ్రోడీ 18వ శతాబ్దపు ఎడిన్‌బరోలో పేరున్న వడ్రంగి. వడ్రంగుల సంఘానికి పెద్ద కాబట్టి ‘డీకన్’ అనేవారు. నగర పాలక మండలిలో సభ్యుడు కూడా. ఊళ్ళో డబ్బున్నవాళ్ళు బీరువాలకూ తలుపులకూ తాళాలకూ ఆయన్నే పిలిచేవారు. పనికి వెళ్ళినచోట తాళంచెవి కనబడితే పుట్టీ ముద్దలో అచ్చు తీసుకుని మారుతాళం చేయించుకునేవాడు. పగలు మర్యాదగా నడిచొచ్చిన గుమ్మంలోకే రాత్రి దొంగగా వచ్చేవాడు. జూదం పిచ్చి, రెండు రహస్య సంసారాలు, అప్పులు. చివరికి 1788లో ఎక్సైజు కార్యాలయం మీద చేసిన దొంగతనం బెడిసికొట్టింది. ఆమ్‌స్టర్‌డామ్ దాకా పారిపోయినా పట్టుకొచ్చి, అక్టోబరు 1న జనం మధ్య ఉరితీశారు.

చేసినవాడు ఉరికంబం ఎక్కినా, చేసిన బీరువా మాత్రం గౌరవంగా ఒక మంచి ఇంట్లో నిలబడి ఉంది. దాని ఎదుట నిద్రపట్టని పిల్లవాడు. మందు తాగి హైడ్ అనే ఇంకో మనిషిగా మారే డాక్టరు మీద స్టీవెన్సన్ తర్వాత రాసిన నవల ‘డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్’ అక్కడే మొదలైందని చాలామంది రాశారు. నిజమే, కానీ సగమే నిజం. బ్రోడీ ఒక్కడే చాలితే స్టీవెన్సన్ ఆ నవల ముప్ఫై ఏళ్ళు రాకముందే రాసేసేవాడు. ప్రయత్నించాడు కూడా. మిత్రుడు డబ్ల్యూ. ఇ. హెన్లీతో కలిసి బ్రోడీ మీద నాటకమే రాశాడు. 1880లో అచ్చయింది, 1884లో లండన్‌లో ఆడింది, నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. బ్రోడీ పగలు వేసుకున్నది ముసుగు. ముసుగు కింద ఉన్నది దొంగ. ప్రేక్షకుడు చూడాల్సింది ముసుగు ఎప్పుడు జారుతుందా అని మాత్రమే. రావణుడు సన్యాసిగా వచ్చి భిక్ష అడిగినప్పుడు మనం భయపడతాం కానీ, ఆ సన్యాసి నిజంగా ఎవరన్న సందేహం మనకు రాదు. మారువేషం ఎంత గొప్పదైనా లోపలి మనిషి ఒక్కడే.

స్టీవెన్సన్‌ను పీడించిన ప్రశ్న వేరు. మంచితనం నిజమే, చెడ్డతనమూ నిజమే అయితే ఎలా? 1884 చివర్లో వచ్చిన ‘ది బాడీ స్నాచర్’లోనూ, మరుసటి ఏడాది వచ్చిన ‘మార్కైమ్’లోనూ ఆయన ఆ ప్రశ్న చుట్టూ తిరగడం కనబడుతుంది. సరైన కథ దొరకలేదు.

1885లో ఆయన ఇంగ్లండు దక్షిణ తీరాన బోర్న్‌మత్‌లో ఉన్నాడు. కోడలి కోసం తండ్రి కొనిచ్చిన ఇల్లు అది. వాళ్ళది దీపస్తంభాలు కట్టిన వంశం. పెదనాన్న అలన్ కట్టిన స్కెర్రీవోర్ దీపస్తంభం పేరే ఆ ఇంటికి పెట్టుకున్నారు. స్టీవెన్సన్‌కు నోటివెంట రక్తం పడేది. చాలా రోజులు మంచం మీదే. డబ్బు అవసరం తీవ్రంగా ఉంది. రెండు రోజులుగా ఏదో ఒక కథ తట్టాలని బుర్ర బద్దలు కొట్టుకున్నాననీ, రెండో రాత్రి కల వచ్చిందనీ తర్వాత ‘ఎ చాప్టర్ ఆన్ డ్రీమ్స్’ అనే వ్యాసంలో ఆయనే రాసుకున్నాడు. నిద్రలో కేకలు పెడుతుంటే భార్య ఫానీ కంగారుపడి లేపింది. మంచి దయ్యం కథ కంటూ ఉంటే చెడగొట్టావని ఆవిడ మీద విసుక్కున్నాడట. అప్పటికి ఆయనకు చిక్కింది రెండే దృశ్యాలు: కిటికీ దగ్గర ఒకటి, నేరం చేసి పారిపోతున్న హైడ్, తరుముతున్నవాళ్ళ కళ్ళముందే పొడి మింగి మారిపోవడం ఇంకొకటి.

మూడు రోజుల్లో తొలి ప్రతి పూర్తిచేశాడని సవతి కొడుకు లాయిడ్ ఆస్‌బర్న్ చెప్పాడు. మంచంలో కూర్చుని రాసి, కిందికి దిగొచ్చి ఇద్దరికీ చదివి వినిపించాడు. లాయిడ్ మైమరిచిపోయాడు. ఫానీ ముఖం మాత్రం విచ్చుకోలేదు. ఇది ఒట్టి ఉత్కంఠ కథ అయిపోయింది, దీని లోపల ఇంకో అర్థం ఉంది, దాన్ని నువ్వు వదిలేశావు అని చెప్పింది. మాటామాటా పెరిగింది. స్టీవెన్సన్ కోపంగా పైకి వెళ్ళిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, నువ్వన్నదే నిజమని ఒప్పుకుని, రాసిన కట్టంతా మంటలో వేశాడు. దగ్గర ఉంటే అతుకులు వేయాలనిపిస్తుందని ఆయన భయం. ఇది ఇంటివాళ్ళు చెప్పిన కథ. హెన్లీకి ఫానీ రాసిన ఉత్తరం ఒకటి 2000లో బయటపడింది. అందులో ఆవిడ ఆ ప్రతిని ఒట్టి చెత్త అని తిట్టి, తానే కాల్చేస్తానని రాసింది. ఎవరి చేత్తో కాలినా నాకు పట్టింపు లేదు. కాలిపోయిన దానిలో ఏముందన్నదే ముఖ్యం.

1901లో స్టీవెన్సన్ జీవితచరిత్ర రాసిన బంధువు గ్రాహం బాల్ఫర్ ఆ సంగతి చెప్పాడు. తొలి ప్రతిలో జెకిల్ మొదటి నుంచీ దుర్మార్గుడే. హైడ్ రూపం దొరకకుండా తప్పించుకోవడానికి వేసుకున్న వేషం మాత్రమే.

అంటే మళ్ళీ బ్రోడీయే! పుట్టీ ముద్ద బదులు మందు పొడి, మారుతాళం బదులు మారిన ముఖం. ఏళ్ళ తరబడి వెంటాడిన పాత కథే కలలో కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది. దాన్ని పోల్చుకున్నది ఫానీ. ఈ నవల పుట్టుక గురించి మాట్లాడేవాళ్ళు కలకు ఇచ్చినంత పేరు ఫానీతో జరిగిన ఆ వాదానికి ఇవ్వరు. అది నాకు అన్యాయంగా తోస్తుంది.

మళ్ళీ మూడు రోజులు రాశాడు. అక్కడితో అయిపోలేదు, ఆ తర్వాత కొన్ని వారాలపాటు చెక్కుతూనే ఉన్నాడు. కొత్త ప్రతిలో జెకిల్ మంచివాడే. యాభై ఏళ్ళవాడు, దానధర్మాలు చేసేవాడు, స్నేహితులకు ఇష్టుడు. అతని మంచితనం నటన కాదు. అతని సరదాలూ నటన కాదు. వాటికి సిగ్గుపడి దాచుకుంటాడు. మందు తాగితే బయటికొచ్చేది పరాయివాడు కాదు, అతనిలోదే ఒక ముక్క. హైడ్ పొట్టిగా, చిన్న వయసువాడిగా ఉంటాడు. జెకిల్ బట్టలు అతనికి వేలాడిపోతాయి. ఎందుకంటే జెకిల్ బతుకులో చాలా భాగం కష్టపడి మంచిగా నడిచింది, చెడు భాగానికి కండ పట్టేంత పని దొరకలేదు. ఈ ఒక్క వివరం కోసం ఈ చిన్న పుస్తకాన్ని ఎన్నిసార్లు చదివానో. ఇంకొక గొప్ప సంగతి ఉంది. హైడ్‌లో చెడు తప్ప ఏమీ లేదు గానీ, జెకిల్‌లో మంచి ఒక్కటే మిగల్లేదు. మందు రెండు ముక్కలు చేసిందనుకుంటాం, కాదు. ఒక పక్క వట్టి చెడు, రెండో పక్క ఎప్పటిలాగే మంచీ చెడూ కలిసిన పాత మనిషి. హైడ్‌ను కోరుకున్నదీ, అతనికి బ్యాంకు ఖాతా తెరిచిందీ, ఇల్లు కుదిర్చిందీ ఆ మంచి డాక్టరే. ఆఖరి వాంగ్మూలంలో జెకిల్ ఒకచోట ‘నేను’ అని రాస్తాడు, ఇంకోచోట ‘వాడు’ అంటాడు, ఏది రాయాలో తేల్చుకోలేక నలిగిపోతాడు.

1886 జనవరిలో లాంగ్‌మన్స్ సంస్థ ఒక షిల్లింగు ధరకు కాగితపు అట్ట పుస్తకంగా వేసింది. ఆరు నెలల్లో బ్రిటన్‌లోనే దాదాపు 40,000 ప్రతులు అమ్ముడయ్యాయి. ఆ మొదటి పాఠకులను తలుచుకుంటే నాకు అసూయ. లాయరు అట్టర్‌సన్ వెంట నడుస్తూ, ఇద్దరూ ఒక్కడేనని తెలియకుండా చివరి పుటల దాకా వెళ్ళగలిగారు. మనకా అదృష్టం లేదు.

మరుసటి ఏడాదే రిచర్డ్ మాన్స్‌ఫీల్డ్ బోస్టన్‌లో రెండు పాత్రలూ తానే వేసి నాటకం ఆడించాడు. నవలలో లేని ప్రియురాలు అందులో వచ్చింది. ఆ తర్వాతి సినిమాలు హైడ్‌కు కోరలు పెట్టాయి, జెకిల్‌ను మచ్చలేని ప్రేమికుణ్ణి చేశాయి, హైడ్‌ను స్త్రీల వెంటపడే కాముకుణ్ణి చేశాయి. కాలిపోయిన ప్రతికి ఇది తలకిందుల రూపం: అక్కడ జెకిల్ అంతా చెడు, ఇక్కడ అంతా మంచి.

స్టీవెన్సన్ ఈ ధోరణిని మొదట్లోనే గమనించాడు. 1887 చివర్లో, అమెరికాలో ఉండగా, ఒక పత్రికా రచయితకు ఉత్తరం రాశాడు. హైడ్ ఒట్టి విలాసపురుషుడు కాదు, క్రూరత్వమూ పిరికితనమూ స్వార్థమూ కలిసినవాడు అన్నాడు. కీడు ఉన్నది జెకిల్‌లో. ఆడవాళ్ళంటే మోజు ఉన్నందుకు కాదు, కపటి అయినందుకు. హైడ్‌ను బయటికి వదిలింది ఆ కపటమే అన్నాడు.