పుట్టిన నెల రాసుకున్న హబ్

పాత రాలీ సైకిల్ వెనక చక్రం నడుమ, మామూలు హబ్ కన్నా లావుగా డబ్బా లాంటిది కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో మడ్డి తుడవండి. ‘స్టర్మీ-ఆర్చర్’ అన్న పేరు, ‘ఏడబ్ల్యూ’ అనే అక్షరాలు, వాటి దగ్గరే 52, 8 లాంటి అంకెలు తేలతాయి. అంటే ఆ హబ్ 1952 ఆగస్టులో నాటింగ్‌హామ్‌లో తయారైందన్నమాట. చక్రాలు మారుస్తుంటారు కాబట్టి అది సైకిల్ వయసు కాకపోవచ్చు. హబ్ వయసు మాత్రం అదే.

ఏడబ్ల్యూ 1936లో వచ్చింది. దాని వంశం 1902 నాటిది. రాలీ యజమాని ఫ్రాంక్ బోడెన్ ఆ ఏడు మూడు గేర్ల హబ్‌ను బజారులోకి తెచ్చాడు. పేరులో ఉన్న హెన్రీ స్టర్మీ సైకిల్ పత్రికల సంపాదకుడు, జేమ్స్ ఆర్చర్ ఇంజినీరు. కానీ అసలు బుర్ర విలియం రైలీది. అంతకు ముందే రెండు గేర్ల హబ్ చేసిన రైలీ, తన రాబోయే ఆవిష్కరణల హక్కులు కూడా వేరే కంపెనీకి రాసిచ్చేశాడు. అందుకే మూడు గేర్ల పేటెంటు ఆర్చర్ పేరు మీద వెళ్ళింది. లక్షలాది హబ్‌ల మీద అచ్చయిన పేరులో రైలీ లేడు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఎందుకంటే లోపలి పనితనం అంత అందమైనది. ఇరుసుకు అతుక్కుని కదలకుండా ఉండే 20 పళ్ళ చక్రం సూర్యుడు. దాని చుట్టూ దొర్లే చిన్న చక్రాలు గ్రహాలు. వాటిని చుట్టేసి లోపలివైపు 60 పళ్ళున్న కంకణం. చైన్ లాగిన బలం కంకణంలో ప్రవేశించి గ్రహాల చట్రం మీదుగా బయటికొస్తే చక్రం పావు వంతు నెమ్మదిగా తిరుగుతుంది. అది ఎత్తెక్కే గేరు. అదే బలం చట్రంలో దూరి కంకణం మీదుగా బయటపడితే మూడో వంతు వేగం పెరుగుతుంది. నడిమి గేరులో ఏ మార్పూ లేదు, ఎంతకు అంతే. అవే ముక్కలు, దారి మాత్రం తిరగేశారు!

ఇక లెక్క. సైకిల్ గేరును అంగుళాల్లో చెప్పడం ముందు పెద్ద చక్రం, వెనక బుల్లి చక్రం ఉన్న పాత సైకిళ్ళ నుంచి వచ్చింది. వాటికి చైన్ లేదు. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే, కాబట్టి చక్రం ఎత్తే గేరు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్ అనే సైకిల్ వచ్చి చైన్‌తో నడిచే సైకిల్‌ను నిలబెట్టాక కూడా కొలత మారలేదు. 28 అంగుళాల చక్రం, ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు అనుకోండి. 28ని 44తో హెచ్చవేసి 18తో భాగిస్తే సుమారు 68 అంగుళాలు, అది నడిమి గేరు. మొదటి గేరులో 51, మూడో గేరులో 91. అంటే ఏడున్నర అడుగుల చక్రం! దాని మీద ఎవరి కాళ్ళు అందుతాయి?

ఇంకా పాతవాటిలో ముందు 22, వెనక 9 పళ్ళే కనిపిస్తే కంగారుపడకండి. చైన్ లింకు అరంగుళం కాక పూర్తి అంగుళం ఉన్న కాలమది. నిష్పత్తి అదే. ఇప్పటి చైన్ మాత్రం తొడగకండి.

ఇలాంటి సైకిల్‌ను పాత ఇనుము కింద తూకానికి వేసేముందు ఒక్క సంగతి చూడండి. గేరు తీగ తెగిపోయినా, వదులైనా ఈ హబ్ తనంతట తాను మూడో గేరులోనే ఉండిపోతుంది. ఎక్కినవాళ్ళు బరువుగా ఉందని, బిగుసుకుపోయిందని అనుకుంటారు. జబ్బు తీగది. హబ్ మీద చిన్న మూత ఉంటుంది. అది ఎత్తి పల్చటి నూనె పోయండి, గ్రీజు వద్దు. కొత్త తీగ వేసి, గేరును నడిమిలో పెట్టండి. కుడివైపు నట్టు రంధ్రంలోంచి చూస్తూ, లోపలి కడ్డీ భుజం ఇరుసు చివరతో సమంగా వచ్చేదాకా బిగించండి. వదులుంటే రెండు, మూడు గేర్ల మధ్య పెడల్ ఉత్తినే తిరిగి పట్టు జారుతుంది.

తర్వాత తొక్కుతూ చెవి పెట్టండి. రెండులో, మూడులో టిక్ టిక్ మని వినిపిస్తుంది. మొదటి గేరులోకి దించితే ఆ చప్పుడు ఆగిపోతుంది.