పిలిస్తే పలికే దీపం

మన తెలుగులో "మాట వినటం" అనే మాట భలే తమాషా అయినది. చెవితో వినటమూ వినటమే, చెప్పినట్టు చెయ్యటమూ వినటమే. "మా వాడు నా మాట వినడమ్మా" అని ఏ తల్లయినా వాపోతే, పాపం ఆ పిల్లాడికి చెవుడు కాబోలని ఎవరూ అనుకోరు. మా యింట్లో మొదటిరకం వినికిడికి లోటులేదు గానీ రెండోరకానికి ఎప్పుడూ కరువే. మావారి చేతిలో పేపరుంటే నెత్తిన పిడుగు పడినా "ఊఁ" అనే అంటారు. అలాంటి యింట్లోకి మొన్న సంక్రాంతి వెళ్ళాక మాట వినే వస్తువొకటి వచ్చింది. దాని కథ చెబుదామని కూర్చుంటే కలం వెనక్కి వెనక్కి నడిచి గోలకొండ కోట దాకా పోయింది. కాస్త ఓపిక చేసుకుని మీరూ నా వెంట రండి.

ముందు మా యిల్లు చూడండి. పాతబస్తీలో, శాలిబండ దగ్గర, మామగారి తండ్రి నాటి డంగుసున్నం కట్టడం. గోడలు మూరెడు మందం. ఎండాకాలం చల్లగా వుంటుంది గానీ సెల్‌ఫోన్లో సరిగ్గా మాట్లాడాలంటే వరండాలోకి రావాలి. గదికి ఒక్కటే స్విచ్చిబోర్డు, అదీ గుమ్మం పక్కన, నా తలకంటే ఎత్తున. మా అత్తమ్మ మంచమేమో అవతలి కిటికీ కింద. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. రాత్రి లేవాలంటే ముందు చీకట్లో ఎనిమిదడుగులు వేసి లైటు వెయ్యాలి.

"నన్ను కేకెయ్యండి అత్తమ్మా" అని వెయ్యిసార్లు చెప్పివుంటాను. సరేనంటారు, వెయ్యరు. డిసెంబరులో ఒకరాత్రి గడప దగ్గర పడిపోయారు. మణికట్టు విరిగింది. ఆసుపత్రి బల్లమీద పడుకోబెట్టాక, వుండబట్టలేక, "ఒక్క పిలుపు పిలవకపోయారా?" అన్నాను.

"పొద్దంత చేస్తనే ఉంటివి. రాత్రిగూడ ఏం లేపాలె బిడ్డా" అన్నారావిడ.

ఆ మాట నా మనసులో ముల్లులా వుండిపోయింది. పిలిచే నోరుంది, వినే చెవి వుంది. మధ్యలో అడ్డం వచ్చింది మొహమాటం.

కట్టు విప్పకముందే మా అబ్బాయి ఒక చిన్న ప్లగ్గూ, కొబ్బరిచిప్పంత గుండ్రటి పెట్టే పట్టుకొచ్చాడు. గోడకున్న సాకెట్లో ప్లగ్గు పెట్టి, దానికి బెడ్‌లైటు తగిలిస్తే, ఆ పెట్టెతో నోటితో చెప్పగానే లైటు వెలుగుతుందట. "నానమ్మ మంచం దిగక్కర్లేదు" అన్నాడు. నేను నవలలు రాసుకునే మనిషిని, చదివింది బి.ఏ. చరిత్ర. ప్లగ్గుకీ నాకూ స్నేహం తక్కువ. అంచేత నా బుర్ర వేరే దారిన పోయింది. మనిషి కూర్చున్నచోటునుంచి కదలకుండా పని జరిపించుకోవాలన్న కోరిక ఏనాటిది?

మన వూళ్ళో దానికి మొదటి సాక్ష్యం గోలకొండే. కోట ద్వారం దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరాన, కొండమీది బాలాహిసారులో వినిపిస్తుంది. బడిపిల్లలుగా వెళ్ళినప్పుడు మనమంతా కొట్టి చూసినవాళ్ళమే. కింద ఎవరైనా వస్తే పైకి కబురందాలని కుతుబ్‌షాహీల నాటి మేస్త్రీలు చేసిన ఏర్పాటది. 1591లో వాళ్ళు మూసీ అవతల ఈ కొత్త నగరం కట్టుకున్నారు.

ఇక మా డాబా ఎక్కితే దక్షిణాన కొండమీద కనిపించేది ఫలక్‌నుమా. పైగా వంశపు నవాబు సర్ వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించుకున్న మహలు. 1897లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. 2010 నుంచి హోటలుగా నడుస్తోంది. అందులో 101 మంది ఒకేసారి కూర్చుని తినే భోజనాల బల్ల వుంది. ఈ చివర గుసగుసలాడితే ఆ చివర వినిపిస్తుందని చెబుతారు. దేశంలోకెల్లా పెద్ద స్విచ్చిబోర్డుల్లో ఒకటి అక్కడే వుందనీ అంటారు. గుసగుసా, స్విచ్చీ రెండూ ఒకే కప్పు కింద అన్నమాట!

నవాబుల దేవిడీల్లో చప్పట్లు కొడితే నౌకరు వచ్చి నిలబడేవాడు. దొరల బంగళాల్లో "కోయీ హై?" అని కేక పెడితే చాలు. ఆ కేకే ముద్దుపేరయి, ఏళ్ళ తరబడి ఈ దేశంలో వుండిపోయిన ఇంగ్లీషువాళ్ళని "కోయీ హై" అనేవారు. పైన వేలాడే గుడ్డ పంకాకి తాడు కట్టి, ఆ తాడు కొస కాలి బొటనవేలికి చుట్టుకుని గోడ అవతల ఒక మనిషి లాగుతుండేవాడు. అతను కునుకు తీస్తే లోపలినుంచి కేక వినిపించేది. నోటి మాటతో నడిచే పంకా మనకు కొత్తది కాదు చూశారా! వినే చెవి అప్పుడు గోడకి అవతల వుండేది. ఆ చెవిగలవాడి పేరు ఏ చరిత్ర పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే కరెంటు కార్ఖానా వచ్చింది. ఇప్పుడది లేదు. కరెంటు పాకినకొద్దీ పంకా లాగే మనిషి మాయమై మీట వచ్చింది. పిలిచే పని తగ్గి చెయ్యి చాపే పని మిగిలింది. చెయ్యి చాపలేనివాళ్ళ సంగతి మాత్రం ఎవరికీ తోచినట్టు లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1920ల తొలినాళ్ళలో, అమెరికాలో పిల్లలకొక బొమ్మ అమ్మారు. పేరు రేడియో రెక్స్. చెక్క గూట్లో చిన్న కుక్క. "రెక్స్" అని పిలిస్తే చెంగున బయటికి దూకేది. గూట్లో ఒక విద్యుదయస్కాంతం కుక్కని పట్టి వుంచేది. ఆ పేరులోని అచ్చు శబ్దానికి, అంటే సెకనుకి అయిదువందల కంపనాల దగ్గర, లోపలి రేకు అదిరి కరెంటు తెగేది, కుక్క విడుదలయ్యేది. తమాషా ఏమిటంటే, ఆ లెక్క మగవాళ్ళ గొంతుకి కుదిరింది. ఆడవాళ్ళకీ పిల్లలకీ అదే అచ్చు ఇంకొంచెం పైస్థాయిలో పలుకుతుంది. పిల్లల బొమ్మ పిల్లల మాటే సరిగా వినేది కాదన్నమాట! 1952లో బెల్ లాబొరేటరీలో "ఆడ్రీ" అనే యంత్రం సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలు గుర్తుపట్టింది. అదీ తనకి అలవాటైన గొంతయితేనే.

ఇక్కడ మన తెలుగువాడొకాయన కథలోకి వస్తారు. 1937లో అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో, వ్యవసాయం చేసుకునే యింట్లో పుట్టిన దబ్బల రాజగోపాల్‌రెడ్డి. ప్రపంచానికి రాజ్‌రెడ్డి. ఆ యింట కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. మద్రాసు గిండీలో ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియా వెళ్ళి, అక్కడినుంచి అమెరికాలో స్టాన్‌ఫర్డ్ చేరి, 1966లో డాక్టరేటు పుచ్చుకున్నారు. ఆయన పట్టుకున్న పని ఒక్కటే. మనిషి మామూలుగా, గడగడా మాట్లాడుతుంటే కంప్యూటరు అర్థం చేసుకోవాలి. విడివిడి మాట పట్టుకోవటం వేరు, వాక్యం పట్టుకోవటం వేరు. ఒక్కొక్కళ్ళది ఒక్కొక్క యాస, మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం 1976కల్లా "హార్పీ" అనే ఏర్పాటుతో వెయ్యికి పైగా మాటల పదకోశంలోంచి అల్లిన వాక్యాలను గుర్తించగలిగింది. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటరు శాస్త్రంలో నోబెల్ లాంటిది. అది అందుకున్న మొదటి ఆసియావాసి ఆయనే. మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పాలకమండలికి అధ్యక్షులుగా కూడా పనిచేశారు. ఆ సంస్థలో తెలుగు మాటని యంత్రానికి నేర్పే పని యేళ్ళుగా సాగుతోంది.

ఇంకో చిత్రం వినండి. 1980లలో అమెరికాలో "క్లాపర్" అనే ప్లగ్గు అమ్మకానికి వచ్చింది. రెండు చప్పట్లు కొడితే దీపం వెలుగుతుంది, మళ్ళీ రెండు కొడితే ఆరుతుంది. గోలకొండ చప్పట్లు తిరిగి తిరిగి గోడ సాకెట్లోకి దిగాయి!

మా అబ్బాయి తెచ్చింది దాని మనవరాలు. పెట్టె తన పేరు కోసం చెవులు రిక్కించి వుంటుంది. పేరు వినగానే తర్వాతి మాటని ఇంటర్నెట్టులో ఎక్కడో వున్న కంప్యూటరుకి పంపుతుంది. అక్కడ ఆ మాట అక్షరాలై, అక్షరాలు ఆజ్ఞ అయి, తిరిగి మా ప్లగ్గుకి వస్తుంది. లోపల చిన్న విద్యుదయస్కాంతం "టక్" మంటుంది. రెక్స్ గూట్లో వున్నలాంటిదే. ఇదంతా కన్ను మూసి తెరిచేలోగా.

చెప్పుకోవటానికి బాగుంది గానీ మా యింట మూడురోజులు పట్టింది. ప్లగ్గు 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫైనే పట్టుకుంటుంది, మావాడు పెట్టింది అయిదు. అది దిద్దుకున్నాక గోడలు అడ్డం. చివరికి వైఫై పెట్టెని అత్తమ్మ గది బయట, పూర్వం దీపం పెట్టుకున్న గూట్లో పెడితే అంతా కుదిరింది. మావారు వుత్సాహంగా గీజరు కూడా తగిలిద్దామన్నారు. ఆగండన్నాను. రెండువేల వాట్ల గీజరు దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. దానికి పదహారు ఆంపియర్ల ప్లగ్గే వుండాలి. చిన్న ప్లగ్గుకి పెద్ద బరువు పెడితే కాలి వూరుకుంటుంది. మీరూ గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత అసలు పరీక్ష. అత్తమ్మ గొంతు సవరించుకుని, "ఓ పిల్లా, జర లైటెయ్యే" అన్నారు. పెట్టెకి అర్థం కాలేదు. ఇంగ్లీషులో క్షమాపణ చెప్పింది. మావాడు ఇంగ్లీషు వాక్యం నేర్పబోతే అది ఆవిడ నోట తిరగలేదు. నా గుండె జారింది. రెక్స్ కాలం నుంచీ ఇదే కథ కదా, యంత్రం వినేది తనకి తెలిసిన గొంతునే.

"దీనికి మన మాట రాదా? పోనీ, ఉర్దూ అన్న వస్తదా?" అని అడిగారావిడ.

2019లో మన దేశంలో ఈ జాతి పెట్టెలు కొన్నిటికి హిందీ కూడా చేర్చారు. మావాడు భాష మార్చి, దీపానికి "బత్తీ" అని పేరు పెట్టాడు. ఇక చూడండి! అరవైయేళ్ళు లాడ్‌బజారులో గాజులు బేరమాడిన నోరు. "బత్తీ జలావ్" అన్నారు. వెలిగింది. "బంద్ కరో" అన్నారు. ఆరింది. ఇంకేమైనా చెయ్యాలా అని అది అడిగితే, "నక్కో" అన్నారు. మళ్ళీ తెల్లబోయింది. వద్దనటానికి మా వూరి దక్కనీలో వున్న ఆ ముద్దుమాట దానికింకా నేర్పలేదు కాబోలు.

గోడలకి చెవులుంటాయని పెద్దలు వూరికే అనలేదు. అంచేత చుట్టాలొచ్చినప్పుడు దాని మైకు మీట నొక్కి చెవులు మూస్తాను. ఇంటర్నెట్టు పోతే మాట వినదు గనక, మంచానికి వేలాడే మామూలు బెడ్‌స్విచ్చి కూడా పెట్టించాను. కరెంటే పోతే దిండు కింద టార్చిలైటు సరేసరి.

ఇంతకీ నాకు తోచింది ఒకటే. నవాబుకీ దొరకీ పిలిస్తే పలికేవాళ్ళు కావలసింది ఆజ్ఞాపించటానికి. మా అత్తమ్మకి కావలసింది అది కాదు. జన్మంతా ఇంకొకళ్ళ పిలుపులకి పలికిన మనిషి ఆవిడ. చివరిదశలో తను ఎవర్నీ పిలవక్కర్లేకుండా వుండాలని కోరుకుంది. బతిమాలక్కర్లేని వెలుతురు కోరుకుంది, అంతే.

మరి నా సంగతా? ఇరవై రెండేళ్ళుగా ఒక చెవి తెరిచి పడుకున్నదాన్ని, ఇప్పుడు రెండు చెవులూ మూసుకుని నిద్రపోతున్నాను. మొదట్లో తప్పుచేస్తున్నట్టనిపించింది. నిన్న పొద్దున కాఫీ ఇస్తూ అడిగాను, "రాత్రి లేచారా అత్తమ్మా?" అని.

"రెండుసార్లు లేచిన" అన్నారు. ఉట్టిమీది బెల్లం దొరక్కుండా తిన్న పిల్లలా కళ్ళు మెరిపిస్తూ, "నీకు ఎర్కనే కాలే!"