పర్సనల్ షాపర్: వేరేవాళ్ల షాపింగ్ చేసిపెట్టడమే ఉద్యోగం.. ఈ పని మొదలుపెట్టాలంటే ఏం తెలిసుండాలి?

పెళ్లికూతురు డల్లాస్‌లో. పట్టుచీరలు గద్వాల్‌లో. బ్లౌజ్ కుట్టేది కూకట్‌పల్లిలో. మధ్యలో ఫోన్ పట్టుకుని షాపు షాపు తిరిగి, వీడియో కాల్‌లో చీరలు చూపించి, బేరమాడి, ప్యాక్ చేయించి, కొరియర్ వేసే మనిషి ఒకరు కావాలి. ఒకప్పుడు ఈ పని పిన్నిలు, అత్తలు ఊరికే చేసిపెట్టేవారు. ఇప్పుడు డబ్బులు తీసుకుని చేసేవాళ్లు వచ్చారు. వాళ్లనే పర్సనల్ షాపర్స్ అంటున్నారు.

పని కొత్తదేం కాదు. న్యూయార్క్‌లోని బెర్గ్‌డార్ఫ్ గుడ్‌మన్ స్టోర్‌లో బెట్టీ హాల్‌బ్రైక్ అనే ఆవిడ 1976 నుంచి ఇదే పని చేసి పేరు తెచ్చుకున్నారు. 2024లో 96 ఏళ్ల వయసులో చనిపోయారు. కస్టమర్‌కు నప్పకపోతే నప్పలేదని మొహం మీదే చెప్పేయడం ఆవిడ ప్రత్యేకత. అయితే ఆవిడ స్టోర్ తరఫున పనిచేశారు. మన దగ్గర ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఎక్కువగా సొంతంగా, కస్టమర్ తరఫున చేస్తున్నారు. ఈ తేడా చాలా పెద్దది. ఎందుకో కింద చూద్దాం.

డిగ్రీ కాదు.. సరుకు తెలియాలి

ఈ పనికి ఫలానా కోర్సు చదివి తీరాలని రూలేం లేదు. ఫ్యాషన్ డిప్లొమా ఉంటే మంచిదే. కానీ ఉప్పాడకీ, వెంకటగిరికీ తేడా చెప్పలేకపోతే ఆ డిప్లొమాతో పెద్దగా లాభం లేదు. ముందు ఒక ఐటెమ్ పట్టుకోండి. చీరలైతే చీరలు, పిల్లల బట్టలైతే పిల్లల బట్టలు. అన్నీ కొనిపెడతానంటే ఏదీ సరిగ్గా రాదు.

చీరలే తీసుకుందాం. ప్యూర్ పట్టు అని షాపువాళ్లు చెబితే సరిపోదు, సిల్క్ మార్క్ లేబుల్ ఉందో లేదో చూడాలి. అది సెంట్రల్ సిల్క్ బోర్డు తెచ్చిన గుర్తు. లేబుల్ లేకపోతే కొంగు చివర రెండు పోగులు తీసి కాల్చి చూస్తారు. పట్టైతే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడిపొడి అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండలా మిగులుతుంది. షాపువాళ్లను అడక్కుండా ఈ పని చేయకండి, గొడవవుతుంది!

బంగారం జోలికి వెళ్తే లెక్క ఇంకా గట్టిగా ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద 6 అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే నగ వివరాలు వస్తాయి. ఆ స్క్రీన్‌షాట్ తీసి కస్టమర్‌కు పంపేయండి. కొత్తవాళ్లు మొదటి ఏడాది బంగారం ముట్టుకోకపోవడమే బెటర్. పోతే భరించే స్తోమత ఉండదు కదా.

టైమ్ లెక్క, వెలుతురు లెక్క

మన షాపులు తెరిచేది పొద్దున 11కి. అప్పటికి డల్లాస్‌లో అర్ధరాత్రి. అందుకే అమెరికా కస్టమర్ల కాల్స్ సాయంత్రమే పెట్టుకోవాలి. ఇక్కడ సాయంత్రం 6.30 అయితే వేసవిలో డల్లాస్‌లో ఉదయం 8, చలికాలంలో 7. కానీ ఆ టైమ్‌కే షాపులో రద్దీ ఎక్కువ. సేల్స్‌మేన్ పది చీరలు విప్పి చూపించే ఓపికలో ఉండడు. కాబట్టి మధ్యాహ్నం ఖాళీ టైమ్‌లో వెళ్లి 15 చీరలు పక్కన పెట్టించి, ఫొటోలు పంపి, సాయంత్రం కాల్‌లో అందులో ఐదే చూపించాలి. సిడ్నీ వాళ్లతో ఈ బాధ లేదు. మన పొద్దున 11 అంటే వాళ్లకు మధ్యాహ్నం.

గొడవలు ఎక్కువగా వచ్చేది రంగు దగ్గరే. షాపు లైట్ల కింద రాణీ పింక్ ఒకలా, ఎండలో ఇంకోలా కనిపిస్తుంది. ఫోన్ కెమెరా మళ్లీ తన లెక్కలో రంగు మార్చేస్తుంది. చీర పక్కన తెల్ల కాగితం పెట్టి, గుమ్మం దగ్గర పగటి వెలుతురులో తీసిన ఫొటో పంపితే సగం గొడవలు తగ్గుతాయి. కస్టమర్ ‘ఇదే ఫైనల్’ అన్న మెసేజ్ చాట్‌లో ఉండాలి. నోటిమాట సరిపోదు.

ఫీజు ఎంత? ఎవరి దగ్గర తీసుకోవాలి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొందరు గంటకింత అంటారు, కొందరు రోజుకింత, ఇంకొందరు బిల్లులో శాతం. ఉదాహరణకు 2 లక్షల షాపింగ్‌కు 8 శాతం అనుకుంటే 16 వేలు. వినడానికి బాగుంది. కానీ చీర రేటు పెరిగితే మీ ఫీజు కూడా పెరుగుతుంది. అప్పుడు బేరం గట్టిగా ఆడుతున్నారా అని కస్టమర్‌కు డౌట్ రావడం సహజం. కొత్తవాళ్లు రోజు లెక్కనో, ట్రిప్ లెక్కనో ఫిక్స్‌డ్ ఫీజు పెట్టుకోవడమే మేలు.

రెండోది షాపు కమీషన్. నాలుగుసార్లు కస్టమర్లను తీసుకెళ్తే ఓనర్ మిమ్మల్ని పక్కకు పిలిచి ‘మీకెంత ఇవ్వమంటారు’ అని అడిగే అవకాశం ఉంది. తీసుకుంటే కస్టమర్‌కు చెప్పి తీసుకోండి, లేదా ఆ మొత్తాన్ని బిల్లులోనే తగ్గించమనండి. దాచారంటే అది ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. ఈ పని నడిచేదే ఒకరు ఇంకొకరికి చెప్పడం మీద. డల్లాస్‌లో ఒక్క తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పడితే చాలు, ఇంకో ఆర్డర్ రాదు.

మూడోది, డబ్బు ఎవరి అకౌంట్‌లోకి వస్తుంది అన్నది. వీలైనంత వరకు కస్టమరే నేరుగా షాపుకు కట్టేలా చూడండి. బిల్లు కస్టమర్ పేరు మీదే ఉండాలి. అంతా మీ అకౌంట్‌లో నుంచి తిరిగితే, రేపు ఆ లక్షలన్నీ మీ ఆదాయమేనా అని అడిగినప్పుడు లెక్క చూపించాలి. సర్వీస్ టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. కస్టమర్ తరఫున కొన్న సరుకు డబ్బు అందులో కలవకుండా ఉండటానికి ‘ప్యూర్ ఏజెంట్’ అనే రూల్ ఉంది, దానికి కొన్ని షరతులున్నాయి. ఒకసారి సీఏతో మాట్లాడండి. ఇక సొంత డబ్బు పెట్టి కొనేసి తర్వాత వసూలు చేసుకుందాం అనుకోవడం మాత్రం వద్దే వద్దు. చీర నచ్చలేదంటే అది మీ బీరువాలోనే ఉంటుంది.

కొరియర్, రిటర్న్‌లు

కొరియర్ ఛార్జీ బరువును బట్టే కాదు, డబ్బా సైజును బట్టి కూడా పడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోల లెక్కను చాలా కంపెనీలు వాడతాయి. అసలు బరువు కంటే అది ఎక్కువైతే దానికే డబ్బులు కట్టాలి. గిఫ్ట్ బాక్సులు తీసేసి సర్దితే ఖర్చు తగ్గుతుంది. అమెరికాకు 800 డాలర్లలోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది. కాబట్టి సుంకం ఎవరు కట్టాలో ఆర్డర్‌కు ముందే మాట్లాడుకోండి.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బోర్డు ఉన్నా, డ్యామేజ్ పీస్‌కు అది చెల్లదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, బిల్లులో గడువు రాసి లేకపోతే లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వాపసు తీసుకోవాల్సిందే. షాపు ఒప్పుకోకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు. అందుకే బిల్లు లేకుండా కొనొద్దు. చీరకు ఫాల్, పీకో వేయించకముందే మొత్తం విప్పి, కొంగు నుంచి చివరిదాకా వీడియో తీసి పెట్టుకోండి.

మొదటి ఆర్డర్‌కు సరైన టైమ్ ఆషాఢం. పెళ్లిళ్లు ఉండవు, షాపుల్లో డిస్కౌంట్లు ఉంటాయి, సేల్స్‌మేన్‌కూ కాస్త ఖాళీ దొరుకుతుంది. శ్రావణం ముహూర్తాలు పెట్టుకున్నవాళ్లు అప్పటికే చీరల కోసం వెతుకుతుంటారు.