పనులు తగ్గిన రోజుల్లో పని నేర్పిన తీరు

రాబడి తగ్గిన ఇంట్లో ముందు ఆగేది ఆడపిల్ల చదువు. ఈ మాట మనకెవరూ చెప్పనక్కర్లేదు. అలాంటి రోజుల్లోనే సంఘం సమావేశంలో "మా అమ్మాయికి ఏదైనా ట్రైనింగ్ ఇప్పించండి" అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఏ ట్రైనింగ్, ఎవరికి, ఎక్కడ పని దొరుకుతుందని అనే ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ మనం వెనక్కి తిరిగి చూశాం. పనులు తగ్గిన మూడు కాలాల్లో పని నేర్పడానికి వేసిన ప్రణాళికలు ఎలా నడిచాయో అక్కచెల్లెళ్ల ముందు పెడుతున్నాం.

మొదటిది 1930ల కాలం. 1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం మన డెల్టా పొలాల దాకా వచ్చింది. మద్రాసు రాజధానిలో కొద్ది సంవత్సరాల్లోనే ధాన్యం ధర సుమారు సగానికి పడిపోయింది. శిస్తు మాత్రం డబ్బు రూపంలోనే కట్టాలి, తగ్గదు. వడ్డీ అసలే తగ్గదు. కోస్తా జిల్లాల నుంచి బర్మా వెళ్లి రంగూన్ రేవులో బస్తాలు మోసే తెలుగు కూలీలకు అక్కడా కష్టకాలమే వచ్చింది. 1930 మే నెలలో రేవు పని విషయంలో బర్మా కూలీలకూ తెలుగు కూలీలకూ మధ్య పెద్ద గొడవలు జరిగాయి, చాలామంది ప్రాణాలు పోయాయి. 1931లో బ్రిటన్ తన కరెన్సీకి బంగారంతో ఉన్న ముడి తెంపేశాక బంగారం ధర పెరిగింది. అప్పులకూ శిస్తులకూ జనం అమ్ముకున్న నగలు బొంబాయి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిపోయాయి. అందులో ఆడవాళ్ల ఒంటి మీది బంగారం ఎంతుందో ఎవరూ విడిగా లెక్క రాయలేదు.

చదువుకున్న కుర్రాళ్లకు కూడా ఉద్యోగాలు లేని రోజులవి. అప్పుడు ప్రభుత్వం ఇంగ్లండు నుంచి అబ్బట్, వుడ్ అనే ఇద్దరు నిపుణుల్ని పిలిపించింది. 1937లో వాళ్లిచ్చిన నివేదికలో మనం గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. పని నేర్పే బళ్లు ఆ ప్రాంతంలోని పరిశ్రమల అవసరాన్ని బట్టి పెట్టాలి, పరిశ్రమలు తీసుకోగలిగిన దానికన్నా ఎక్కువమందిని తయారుచేస్తే లాభం లేదు అన్నది దాని సారాంశం. ఆ నివేదిక ఫలితంగానే 1941లో ఢిల్లీలో పాలిటెక్నిక్ వచ్చింది. అదే 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు చెప్పాలనే పద్ధతిని దేశం ముందు పెట్టారు. ఒకటి కర్మాగారం వైపు చూసే ప్రణాళిక, రెండోది పల్లె వైపు చూసేది. అయితే మధ్యలో చదువు ఆగిపోయి, పిల్లల్ని ఎత్తుకుని ఇంట్లో ఉన్న ఆడమనిషి సంగతేమిటి? ఆమె బడికి వెళ్లే వయసు దాటిపోయింది, కర్మాగారానికి వెళ్లే దారి లేదు.

ఆ ఖాళీని చూసింది మన రాజమండ్రి ఆడబిడ్డ దుర్గాబాయి గారు. ఆమె చదువు కూడా మధ్యలో ఆగినదే. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి వచ్చాక మళ్లీ పుస్తకం పట్టి, బెనారస్ మెట్రిక్ పరీక్ష పాసయ్యారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టి, తనలాగే చదువు ఆగిపోయిన ఆడవాళ్లను అదే మెట్రిక్‌కు తయారుచేశారు. చేతిపనులు కూడా నేర్పించారు. తర్వాత ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఆ బోర్డు పెద్ద వయసు ఆడవాళ్ల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు తెచ్చింది. ఏళ్ల తరబడి చదవాల్సింది రెండేళ్లలో చదివించి పరీక్ష రాయించడం వాటి పద్ధతి. ఎందుకంటే ఆ రోజుల్లో పల్లెల్లో పంతులమ్మలు, నర్సులు, గ్రామసేవికలు కావాలి. ఆ పనికి అర్హత కావాలి. ముందు పని ఎక్కడుందో చూసి, దానికి అడ్డం ఏమిటో కనుక్కుని, ఆ అడ్డం తీయడానికి చదువు పెట్టారు. ఈ వరుసను మనం మరచిపోకూడదు.

రెండోది మనలో చాలామందికి తెలిసిన కాలం. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ యువతకు ఉద్యోగాల కోసం ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ మొదలైంది. మన మహిళా సంఘాల ద్వారానే ఊళ్లలో పిల్లల్ని గుర్తించి, కొద్ది నెలలు ఇంగ్లిషు, కంప్యూటరు, దుకాణంలో అమ్మకం, సెక్యూరిటీ వంటివి నేర్పి పట్నాల్లో ఉద్యోగాల్లో పెట్టారు. ముందు కంపెనీతో మాట్లాడి తర్వాత క్లాసు పెట్టడం అందులోని మేలు. కానీ 2008 సెప్టెంబరులో అమెరికాలో పెద్ద బ్యాంకు కూలి, ఆ దెబ్బ ప్రపంచమంతా తగిలింది. మన దేశంలోనూ ఎగుమతులు, భవన నిర్మాణం, సాఫ్ట్‌వేర్ నెమ్మదించాయి. ఒకే రకం పట్నం ఉద్యోగానికి తయారైన పిల్లకు ఆ ఉద్యోగం పోతే చేతిలో మిగిలేదేమిటి అన్న ప్రశ్న అప్పుడే గట్టిగా ఎదురైంది.

ఆ మాంద్యం నడుస్తుండగానే, 2009లో జాతీయ నైపుణ్యాభివృద్ధి విధానం వచ్చింది. 2022 నాటికి 50 కోట్ల మందికి నైపుణ్యాలు నేర్పాలన్నది దాని లక్ష్యం. లక్ష్యం పెద్దదే. కాని పెద్ద అంకె ముందు పెట్టుకుంటే కింద ఉన్నవాళ్లు సీట్లు నింపడం మీద పడతారు. సీటు నిండినంత మాత్రాన ఇంట్లో పొయ్యి వెలగదు కదా! 2014లో వచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో శిక్షణతో పాటు ఉద్యోగంలో చేర్చడం కూడా షరతు చేశారు. ఆడవాళ్లకు మూడో వంతు చోటు, 45 ఏళ్ల దాకా వయసు సడలింపు ఇచ్చారు.

ఇంకో దారి కూడా ఉంది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, రెండు బ్యాంకులు కలిసి ఒక శిక్షణ సంస్థ పెట్టాయి. ఉచితంగా భోజనం, వసతి ఇచ్చి, సొంతంగా పని పెట్టుకోవడం నేర్పి, బ్యాంకు అప్పుతో ముడిపెట్టడం దాని పద్ధతి. దాన్ని చూసే తర్వాత జిల్లాకొక గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ అనే ఆలోచన దేశమంతటా వచ్చింది. పాడి, కుట్టు, మగ్గం వర్క్, సెల్‌ఫోన్ రిపేరు వంటివి అక్కడ నేర్చుకోవచ్చు.

మూడోది కరోనా కాలం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. పనులన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున సుమారు 16 కోట్ల మాస్కులు పంచాలనుకుని, ఆ కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చింది. ఇంటి మూల దుమ్ము పట్టిన కుట్టు మిషన్లు మళ్లీ తిరిగాయి. ఏళ్ల కిందట నేర్చుకున్న పని ఆ రోజుల్లో అన్నం పెట్టింది. కానీ ఆర్డరు అయిపోగానే ఆ పనీ అయిపోయింది. కుట్టడం వచ్చినవాళ్లు మన దగ్గర ముందు నుంచీ ఉన్నారు. నికరంగా కొనేవాళ్లే లేరు. స్కూలు యూనిఫారాలో, ఆసుపత్రి దుప్పట్లో, ఏడాది పొడవునా నడిచే ఆర్డరు ఒకటి చేతిలో ఉన్న సంఘం పరిస్థితి వేరు, మాస్కుల మీదే ఆధారపడ్డ సంఘం పరిస్థితి వేరు.

ఈ మూడు కాలాలూ కలిపి చూస్తే మనకు తేలేది ఒకటే. శిక్షణను మనిషి దగ్గర, ఊరి దగ్గర మొదలుపెట్టినప్పుడు అది కష్టకాలంలో నిలబడింది. అంకె దగ్గర మొదలుపెట్టినప్పుడు సర్టిఫికెట్టు పెట్టెలో మిగిలింది. ఏ ఇంట్లో పిల్ల చదువు ఆగిందో, ఎవరికి బస్సు అందదో, ఎవరికి చంటిబిడ్డ ఉందో జిల్లా ఆఫీసులో కాగితానికి తెలియదు. మన పది మంది కూర్చునే చాప మీద తెలుస్తుంది. అందుకే ప్రాంతానికి తగ్గ ప్రణాళికలో మొదటి పేజీ మనమే రాయాలి.

కాబట్టి అప్పుల కోసం సూక్ష్మ రుణ ప్రణాళిక రాసుకున్నట్టే, ప్రతి గ్రామ సంఘం పని నేర్చుకునే ప్రణాళిక కూడా రాసుకోవాలని కోరుతున్నాం. నాలుగు ప్రశ్నలు చాలు. మన మండలంలో మంచి రోజుల్లోనూ చెడ్డ రోజుల్లోనూ ఆగని పనులు ఏవి? వాటికి డబ్బిచ్చి కొనేది ఎవరు? నేర్చుకోవాల్సిన మనిషికి అడ్డం ఏమిటి: చదువా, దూరమా, బిడ్డా, ఇంట్లోవాళ్ల మాటా? ఆ పని పోతే అదే చేత్తో చేయగల రెండో పని ఏది? జవాబులు మినిట్స్ పుస్తకంలో రాసి మండల సమాఖ్యకు ఇవ్వండి. శిక్షణ సంస్థల వాళ్లు వచ్చినప్పుడు వాళ్ల జాబితా చూసే ముందు మన జాబితా వాళ్ల ముందు పెడదాం.

చెడ్డ రోజులు చెప్పి రావు. వాన రాకముందే కప్పు నేసుకున్నట్టు ఈ పని ఇప్పుడే చేసుకుంటే, రేపు రాబడి తగ్గినా మన పిల్ల చదువు ఆపాల్సిన అవసరం రాదు.