బీద దేశమునకు సాంఘిక భద్రత : మారిషస్ చెప్పు పాఠము

“దేశము ముందుగా సంపదను పెంచుకొనవలెను, పంచిపెట్టుట పిదప చూచుకొనవచ్చును” అను మాట ఆర్థిక విషయములను గూర్చిన చర్చలలో తరచుగా వినవచ్చుచుండును. వృద్ధునకు పింఛను, రోగికి వైద్యము, పని దొరకని దినములలో కూలికి ఆధారము - ఇవియెల్ల ధనిక దేశములకు చెల్లు వైభవములనియు, బీద దేశము వీనిని తలపెట్టుట “ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము” అన్నట్లుండుననియు కొందరి అభిప్రాయము. దీనిని తేలికగా త్రోసిపుచ్చుటకు వీలులేదు. పింఛనునకు వెచ్చించిన రూపాయి కాలువ త్రవ్వుటకు మిగులదు గదా! కాని పింఛనునకు పెట్టిన రూపాయి వట్టి ఖర్చేనా, లేక అదియు ఒక విధమైన పెట్టుబడియా? ఈ ప్రశ్నకు సిద్ధాంతముకన్న చరిత్రయే మేలైన సమాధానము చెప్పగలదు.

జర్మనీ దేశము కార్మికులకు రోగ భీమాను 1883లోను, వృద్ధాప్య భీమాను 1889లోను శాసనము చేసినది. బ్రిటన్‌లో వృద్ధాప్య పింఛను చట్టము 1908లో వచ్చినది. ఆనాటి జర్మనీ, బ్రిటన్‌లు నేటి ఐశ్వర్యమును ఎరుగవు. అయినను అవి యంత్ర పరిశ్రమలు గల దేశములు. పరిశ్రమలు లేక, ఒకే పంటపై బ్రతుకు దేశమునకు ఇది సాధ్యమా అని అడుగువారికి హిందూ మహాసముద్రములోని మారిషస్ దీవి చరిత్ర ఎంతయు పరిశీలింపదగినది.

మారిషస్‌లో 1835లో బానిసత్వము రద్దయినది. చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చిరి. 1834 మొదలు ఇరువదవ శతాబ్ది ఆరంభము వరకు సుమారు 4,50,000 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఆ దీవికి చేరిరి. గోదావరి ముఖద్వారమున నున్న కోరంగి రేవులో ఓడనెక్కిన తెలుగువారును వారిలో కలరు. ఆ రేవు పేరునుబట్టియే వారికి అచ్చట కోరంగీలను పేరు వచ్చినది. వారి సంతతివారు నేటికిని అచ్చట నివసించుచున్నారు.

ఆ తోటలలో కూలి జీవితము చెరకు కోతతో ముడిపడియుండెను. కోత కాలమున చేతినిండ పని. కోత ముగిసిన పిదప అరకొర పని. నడుము వంగిన కూలికి కత్తి పట్టు శక్తి పోగానే కూలియు పోయెడిది. ముసలితనమున అన్నము పెట్టుటకు కొడుకులు తప్ప అన్య ఆధారము లేదు. కావున అధిక సంతానమే వానికి భీమా పత్రము. 1937లో తోటలలో అలజడులు చెలరేగినవి; కాల్పులు జరిగి కూలీలు మరణించిరి. ప్రభుత్వము విచారణ సంఘమును నియమింపక తప్పలేదు. కూలీల కడుపుమంటను తుపాకితో ఆర్పుటకు అయ్యెడి ఖర్చు ఎంతయో ఆనాడు పాలకులకు కొంత బోధపడినది.

1950లో ఆ దీవిలో వృద్ధాప్య పింఛను ఆరంభమైనది. అందుకొనువారు చందా కట్టనక్కరలేదు. ఖర్చు ప్రభుత్వ ఖజానాదే. కాని మొదట అది బీదలకు మాత్రమే. ఎవరు బీదలో తేల్చుటకు ఆదాయ విచారణ నడిపెడివారు. ఇందొక చిక్కు కలదు. కూలి జీవితమంతయు కూడబెట్టి నాలుగు రూకలు దాచుకొనిన వాడు పింఛనునకు అనర్హుడగును, దాచుకొననివాడు అర్హుడగును. పొదుపును ప్రోత్సహింపవలసిన ప్రభుత్వమే పొదుపరికి జరిమానా విధించినట్లాయెను. 1958లో ఈ విచారణను తొలగించిరి. వయస్సు వచ్చిన ప్రతివారికిని పింఛను అను సూత్రము ఈ విధముగ ఒక చక్కెర దీవిలో స్థిరపడినది.

అప్పటి మారిషస్ స్థితి ఆశాజనకమైనది కాదు. ఎగుమతులలో నూటికి 95 వంతులకు పైగా చక్కెరయే. మలేరియా నిర్మూలనతో మరణములు తగ్గి, జనాభా శీఘ్రముగా పెరుగుచుండెను. 1960లో వచ్చిన పెనుతుఫానులు ఇండ్లను, పంటను ధ్వంసము చేసినవి. ఆర్థిక పరిస్థితిని పరిశీలించుటకు వచ్చిన ఆచార్య జేమ్స్ మీడ్ - తరువాత 1977లో నోబెల్ బహుమానము పొందిన వాడు - 1961లో ఆ దీవి భవిష్యత్తును గూర్చి మిక్కిలి నిరాశతో వ్రాసెను. సాంఘిక సేవలను పరిశీలించిన ఆచార్య రిచర్డ్ టిట్మస్ సంఘము జనాభా సమస్యను, సాంఘిక భద్రతను ఒకదానితో నొకటి ముడివేసి చూచెను.

పిదప జరిగినది ఆచార్య మీడ్ ఊహకు భిన్నమైనది. 1968 మార్చి 12న దేశము స్వతంత్రమైనది. 1970లో ఎగుమతి పరిశ్రమలకు ప్రత్యేక చట్టము చేసిరి. బట్టల మిల్లులలో వేలకొలది స్త్రీలకు పని దొరికినది. 1976లో చేసిన జాతీయ పింఛను చట్టము, అందరికిని ఇచ్చు పింఛనును నిలుపుకొని, దానిపై ఉద్యోగుల చందాలతో నడచు మరియొక అంతస్తును నిర్మించినది. 1960 దశాబ్దపు తొలినాళ్లలో ఒక్కొక్క స్త్రీకి సగటున ఆరుగురు బిడ్డలుండగా, 1970 దశాబ్దము ముగియునప్పటికి ఆ సంఖ్య సుమారు మూడింటికి దిగినది.

ఇదంతయు పింఛను మహిమయే అనుట అతిశయోక్తి. యూరపు దేశములు చక్కెరకు ఇచ్చిన మంచి ధర, బాలికల విద్య, కుటుంబ నియంత్రణ, క్రొత్త పరిశ్రమలు - అన్నియు తోడ్పడినవి. అయినను ఒక మాట నిస్సందేహముగ చెప్పవచ్చును: సాంఘిక భద్రత అభివృద్ధికి అడ్డు కాలేదు. సంపద వచ్చిన పిదప పింఛను పుట్టలేదు. పింఛను పుట్టిన పిదప సంపద వచ్చినది.

భద్రతకును ఉత్పత్తికిని గల సంబంధమును ఒక దేశపు లెక్కలలో విడదీసి చూచుట కష్టము. దానిని పల్లె పొలములలో దగ్గరగ చూడవచ్చును. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1975 మొదలుకొని నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని రెండు గ్రామములందును, మహారాష్ట్రలోని కొన్ని గ్రామములందును రైతు కుటుంబముల రాబడిని, పెట్టుబడిని ఏండ్లకొలది నమోదు చేసినది. ఆ లెక్కలను పరిశీలించిన ఆర్థికవేత్తలు రోజెన్‌వైగ్, బిన్స్‌వాంగర్‌లు 1993లో ప్రకటించిన ఫలితము గమనింపదగినది. వాన నమ్మకము తగ్గినకొలది బీదరైతు ఎక్కువ లాభమిచ్చు వ్యవసాయమును విడిచి, నష్టభయము తక్కువగా నుండు వ్యవసాయమునే పట్టుకొనును. ఇందువలన మిక్కిలి బీదలైన నాలుగవ వంతు రైతుల లాభము నూటికి 35 వంతులు తగ్గగలదని వారు లెక్కగట్టిరి. ధనికరైతులకు ఇట్టి నష్టము కనబడలేదు. బీదవాడు తెలివితక్కువ వాడగుట చేత కాదు, ఒక్క పంట పోయిన నిలువనీడ పోవునను భయము చేతనే వెనుదీయుచున్నాడు. కరవు వచ్చినపుడు ఎడ్లజతను అమ్ముకొనిన రైతు, మరుసటి ఏడు వాన పడినను అదనునకు దున్నలేడు. ఆ నష్టము ఆతనిది మాత్రమే కాదు; దేశపు ధాన్యరాశిలో అంత కొరత.

పింఛను సొమ్ము వృద్ధునితోనే ఆగునని తలచుటయు పొరపాటు. దక్షిణాఫ్రికాలో 1928లో ఆరంభమైన పింఛను 1944లో ఆఫ్రికను జాతులవారికి తక్కువ మొత్తముతో విస్తరించినది. జాతిభేదమును తొలగించి అందరికిని సమానము చేసినది 1993లో. ఆ సంవత్సరము సేకరించిన కుటుంబ వివరములను ఎస్తేర్ డుఫ్లో పరిశీలించగా, అవ్వకు పింఛను అందు ఇండ్లలో మనవరాండ్ర ఎదుగుదల మెరుగైనట్లు తేలినది. అవ్వ చేతి పైకము మనవరాలి ఎముకలో బలమాయెను. నేటి పసిపిల్ల రేపటి శ్రామికురాలు గదా!

ఇక ఖర్చు మాట. ఆఫ్రికా, ఆసియా ఖండములలోని 12 బీద దేశములలో కనీసపు వృద్ధాప్య, వికలాంగ పింఛనులకు జాతీయోత్పత్తిలో నూటికి 0.6 నుండి 1.5 వంతుల వరకు చాలునని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2008లో అంచనా వేసినది. ఇది చిన్న మొత్తము కాదు, అసాధ్యమును కాదు. కాని ఒకసారి ఆరంభించిన పిదప లెక్కను మరచుటకు వీలులేదు. మారిషస్ ప్రభుత్వము 2004లో ఆదాయ విచారణను మరల ప్రవేశపెట్టగా, 2005 ఎన్నికలలో ఓడిపోయినది. తరువాతి ప్రభుత్వము దానిని రద్దుచేసినది. వృద్ధుల సంఖ్య పెరుగుటచే, 2025 జూన్ బడ్జెటులో అర్హత వయస్సును 60 నుండి 65కు క్రమముగా పెంచుదుమని ప్రకటించిరి. ప్రజలలో నిరసన బయలుదేరినది. భద్రత ఎంత విలువైనదో, దానిని నిలుపుకొనుట ఎంత జాగ్రత్తతో కూడినదో ఈ రెండు సంఘటనలును చెప్పుచున్నవి.

సాంఘిక భద్రతను దయాధర్మముగ భావించినంతకాలము అది ఖజానాకు బరువుగనే తోచును. గట్టు లేని చెరువులో నీరు నిలువనట్లే, ఆధారము లేని కుటుంబములో సంపద నిలువదు. ఒక జబ్బు, ఒక కరవు ఏండ్ల కష్టమును కొట్టుకొనిపోవును. గట్టు వేయుటకు చెరువు నిండువరకు వేచియుండు రైతు ఎక్కడను లేడు.