చవక విడిభాగం, దూరపు ద్వీపం

శ్రీ విజయపురం నుంచి (2024 సెప్టెంబరు దాకా దాని పేరు పోర్ట్ బ్లెయిర్) ఉత్తరాన డిగ్లిపూర్ వరకు సాగే అండమాన్ ట్రంక్ రోడ్డు మీద జిర్కాటాంగ్ వద్ద ఒక చెక్‌పోస్టు ఉంది. ప్రతి వాహనమూ అక్కడ ఆగాలి. నిర్ణీత వేళకు పోలీసు పహరాతో వరుసగా కదిలి, మిడిల్ స్ట్రెయిట్ వరకు దాదాపు యాభై కిలోమీటర్ల అడవిని దాటాలి. అది జారవాల అభయప్రాంతం. దారిలో బండి ఆపకూడదు, ముందున్న వాహనాన్ని దాటకూడదు, ఫోటో తీయకూడదు, జారవాలకు తినేందుకు ఏమీ ఇవ్వకూడదు. ఇవన్నీ మనిషి పాటించగల నిబంధనలు. ఇంజిన్ మాత్రం ఏ నిబంధనకూ లోబడదు. దాని లోపల ఏ విడిభాగం పడిందన్న దాన్నిబట్టే అది నడుస్తుంది, లేదా ఆగుతుంది.

ఆ అడవిలో ఆగిన కారు దాని యజమాని ఒక్కడి సమస్య కాదు. జారవాలు కొన్ని వందల మంది మాత్రమే మిగిలిన తెగ. 1998 ప్రాంతం దాకా వారు బయటి ప్రపంచానికి దూరంగా ఉన్నారు. ఆ మరుసటి ఏడాదే, 1999లో, వారిలో తట్టు వ్యాధి ప్రబలింది. 1877లో అదే వ్యాధి గ్రేట్ అండమానీ తెగను ఎలా తుడిచిపెట్టిందో తెలిసినవారికి ఆ వార్త ఎంత భయంకరమో వేరే చెప్పనక్కర్లేదు. 2002 మేలో సుప్రీంకోర్టు అభయప్రాంతం గుండా పోయే రోడ్డు భాగాలను మూసివేయాలని ఆదేశించింది. రోడ్డు మూతపడలేదు, దాని బదులు కాన్వాయ్ పద్ధతి కొనసాగుతోంది. ఆ పద్ధతి మొత్తం ఒకే ఊహ మీద నిలబడింది: బయలుదేరిన ప్రతి బండీ ఆగకుండా అవతలి కొసకు చేరుతుంది. చవక విడిభాగాల చరిత్రను ఈ రోడ్డు మీద నిలబడి చూడటం అందుకే అవసరం.

ఆ చరిత్ర ద్వీపాల్లో మొదలైనది కాదు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో, ఆ తర్వాత ఫోర్డ్ మద్రాసులో, విదేశాల నుంచి విడివిడిగా దిగుమతి చేసుకున్న భాగాలను బిగించి కార్లు అమ్మాయి. స్వాతంత్ర్యం తర్వాత, 1953లో, టారిఫ్ కమిషన్ సిఫార్సు మేరకు కేంద్రం ఒక గీత గీసింది. దేశంలోనే తయారీ చేపట్టే సంస్థలకే చోటు, కేవలం బిగింపు పని చేసేవారు వెళ్లిపోవచ్చు. ఆ రెండు కంపెనీలూ తలుపులు మూసుకున్నాయి. హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్ వంటి కొద్ది సంస్థలు మిగిలాయి. స్వావలంబన అన్న ఆదర్శం గొప్పదే. కానీ కారుకే ఏళ్ల తరబడి వరుసలో నిలబడాల్సిన దేశంలో విడిభాగం సకాలంలో దొరుకుతుందని ఎవరూ ఆశించలేదు. దిగుమతికి లైసెన్సు, తయారీకి లైసెన్సు, విస్తరణకు మళ్లీ లైసెన్సు. ఆ ఖాళీలోకి లేత్ మిషన్ ప్రవేశించింది.

విజయవాడ ఆటోనగర్ నుంచి ఢిల్లీ కశ్మీరీ గేటు దాకా అనేక బజార్లు అలా పెరిగాయి. అక్కడి పనివారి నైపుణ్యాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. పాత భాగాన్ని చేతిలో పెట్టుకుని, కొలతలు తీసి, అచ్చం అలాంటిదే సాయంత్రానికి తయారుచేసి ఇచ్చినవారు వాళ్లు. దేశంలోని లారీలు, బస్సులు, టాక్సీలు దశాబ్దాల పాటు వారి చేతుల మీదుగానే నడిచాయి. అదే బజారు ‘ఒరిజినల్’, ‘లోకల్’, ‘డూప్లికేట్’ అన్న మూడు మాటలను జనభాషలో స్థిరపరచింది. అంబాసిడర్ ఇంజిన్ కూడా దానికి సహకరించింది. 1,489 సీసీల ఆ పాత బ్రిటిష్ నమూనా నెమ్మదిగా తిరిగేది, ఓర్పుగలది. లోకల్ రింగు వేస్తే కాస్త పొగ వదిలేది, ఇంకాస్త ఆయిల్ తాగేది, అయినా ఇంటికి చేర్చేది. నాసిరకానికి అది వేసే జరిమానా చిన్నది. వాయిదాల్లో వసూలు చేసేది.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక, 1991 తర్వాత విదేశీ కంపెనీలు తిరిగొచ్చాక, యంత్రం స్వభావమే మారిపోయింది. 2000 నుంచి భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాలు ఒక్కో మెట్టు బిగుస్తూ 2020 ఏప్రిల్ 1 నాటికి ఆరో మెట్టుకు చేరాయి. ఇంజిన్ చిన్నదైంది, వేడెక్కింది, వేగం పెరిగింది, సెన్సర్లూ కంప్యూటరూ వచ్చి చేరాయి. భాగాల మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కకు వచ్చింది. యంత్రం ఇంతగా మారినా బజారు అలవాటు మారలేదు. ఓర్పుగల ఇంజిన్ నేర్పిన పాఠాన్ని ఓర్పులేని ఇంజిన్ మీద ప్రయోగించడమే ఇవాళ్టి ప్రమాదానికి మూలం.

ఆయిల్ ఫిల్టరునే తీసుకోవచ్చు. బయటి డబ్బా, రంగు, అక్షరాలు అన్నీ ఒకేలా ఉంటాయి. తేడా లోపలి కాగితపు పొరలో, ఒక చిన్న స్ప్రింగు వాల్వులో ఉంటుంది. ఫిల్టరు పూడుకుపోయినప్పుడు ఆ వాల్వు తెరుచుకుని కనీసం వడకట్టని ఆయిల్‌నైనా ఇంజిన్‌కు అందించాలి. స్ప్రింగు మరీ బలహీనమైతే అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అప్పుడు ఫిల్టరు ఉన్నా లేనట్టే. మరీ బిగుసుకుంటే అసలు తెరుచుకోదు, బేరింగులకు ఆయిల్ అందదు. బేరింగు మీది మెత్తని లోహపు పూత పలచనిదైతే అది ఊడి, క్రాంక్ షాఫ్టును గీరి, చివరకు ఇంజిన్ పట్టేస్తుంది. టైమింగ్ బెల్టు సంగతి ఇంకా కఠినం. అది చెప్పి తెగదు. చాలా ఆధునిక ఇంజిన్లలో బెల్టు తెగిన మరుక్షణం పిస్టన్లు వెళ్లి వాల్వులను ఢీకొంటాయి. నాసి థర్మోస్టాట్, నాసి వాటర్ పంపు వేడిని పెంచుతాయి. ఆ వేడికి హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. కొన్ని వందల రూపాయల ఆదా వేల రూపాయల ఇంజిన్ పనిగా తిరిగొస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే.

అయితే కంపెనీ పెట్టెలో రానిదంతా నకిలీ అనడం పొరపాటు. కార్ల కంపెనీలు తమ వాహనంలోని భాగాలన్నిటినీ స్వయంగా తయారుచేయవు. వాటికి సరఫరా చేసే సంస్థే అదే భాగాన్ని తన సొంత పేరుతో బజారులో తక్కువ ధరకు అమ్మవచ్చు. స్వతంత్ర సంస్థలు తమ ప్రమాణంతో, తమ పేరుతో, తమ బాధ్యతతో చేసేవి మరో రకం. ఇవి రెండూ న్యాయమైన సరుకే. మూడోది వేరొకరి పేరు దొంగిలించినది, లేదా ఏ పేరూ లేనిది. కొనేవాడి కంటికి ఈ మూడూ ఒకే గాజు బీరువాలో పక్కపక్కనే కనిపిస్తాయి. ఈ గందరగోళం వల్ల లాభపడేవారు ఇద్దరు: నకిలీ వ్యాపారి ఒకరు, బజారు సరుకంతా నకిలీయే అని భయపెట్టి తన ధర చెల్లించుకునే పెద్ద కంపెనీ ఇంకొకరు.

రెండో మాట ఊహ కాదు. 2011లో ఒక వినియోగదారుడి ఫిర్యాదుతో మొదలైన కేసులో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న ఆదేశం ఇచ్చింది. అసలు విడిభాగాలను, లోపం కనిపెట్టే పరికరాలను స్వతంత్ర మెకానిక్కులకు అందనీయకుండా మార్కెట్టును బంధించాయని నిర్ధారించి, 14 కార్ల కంపెనీలపై మొత్తం రూ.2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. అంబాసిడర్ తయారీ ఆగిపోయింది కూడా అదే ఏడాది మేలో. కంపెనీలు న్యాయస్థానాల మెట్లెక్కాయి. జరిమానా లెక్క సంగతి ఎలా ఉన్నా, కమిషన్ చెప్పిన సారాన్ని 2016 డిసెంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ సమర్థించింది. నకిలీ బజారును పెంచి పోషించింది పేదవాడి కక్కుర్తి ఒక్కటే కాదు, అసలు సరుకు చుట్టూ కట్టిన గోడ కూడా అన్న సత్యం ఆ ఆదేశంలో నమోదైంది.

చట్టాలకు కొదవ లేదు. ట్రేడ్ మార్కుల చట్టం, 1999 ప్రకారం నకిలీ గుర్తుతో సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కీలక భద్రతా భాగాలుగా ప్రకటించినవాటిలో ప్రమాణం లేనివి అమ్మితే ఒక్కో భాగానికి లక్ష రూపాయల జరిమానా అంటుంది. భద్రత అనగానే ఎవరికైనా బ్రేకు, స్టీరింగు గుర్తొస్తాయి కానీ ఇంజిన్ లోపలి బేరింగు గుర్తుకు రాదు. 2022 డిసెంబరులో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది, అందులో వాహన రంగమూ ఉంది. అది తీసుకోవలసిన అడుగే. కానీ పోర్టల్ సమాచారాన్ని ఇస్తుంది, సముద్రం దాటించి విడిభాగాన్ని తెచ్చి ఇవ్వదు.

ఆ సముద్రమే అసలు విషయం. చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా – ఏ రేవు నుంచి చూసినా ఈ ద్వీపాలు సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన, గాలిలో ఎప్పుడూ ఉప్పుతేమ. ఇక్కడ ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, రబ్బరు తొందరగా చెడుతుంది, బండికి విడిభాగాల అవసరం ఎక్కువ. అవసరం ఎక్కువున్న చోటే సరఫరా పలచన. 2011 జనగణనలో ద్వీపాల జనాభా 3.80 లక్షలు. ప్రతి మోడలుకూ ప్రతి భాగమూ నిల్వ ఉంచేంత పెద్ద బజారు కాదిది. ఆ జనాభాలో దాదాపు 13 శాతం మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వారిలో చాలా. టాక్సీ నడిపి బతికేవాడికి బండి షెడ్డులో ఉన్న ప్రతి రోజూ పస్తే. అసలు భాగం కోసం ఓడ దాకా ఆగాలా, చేతికందిన లోకల్ సరుకుతో రేపే రోడ్డెక్కాలా అన్న ప్రశ్నకు అతను చెప్పే జవాబు అజ్ఞానం కాదు, లెక్క. ఆ లెక్కలో జిర్కాటాంగ్ అవతలి అడవి ఉండదు, అంతే.

ఆ అడవిని లెక్కలోకి తీసుకోవలసింది ప్రభుత్వం. ఈ ద్వీపాలకు శాసనసభ లేదు, ఒక్క లోక్‌సభ సభ్యుడు ఉన్నాడు, పాలన నేరుగా ఢిల్లీది. నెపం వేయడానికి రాష్ట్ర ప్రభుత్వం కూడా లేదు. గ్రేట్ నికోబార్‌లో వేల కోట్ల రూపాయలతో ఓడరేవు, విమానాశ్రయం, కొత్త పట్టణం కడతామంటున్న ప్రభుత్వానికి మరికొన్ని చిన్న పనులు భారం కావు. ప్రతి మరమ్మతుకూ విడిభాగం పేరు, సంఖ్య రాసిన బిల్లు తప్పనిసరి చేయడం, అసలు విడిభాగాలకు ఓడలో ప్రాధాన్యం ఇవ్వడం, ద్వీపాల మెకానిక్కులకు కంపెనీల పరికరాలూ శిక్షణా అందేలా కాంపిటీషన్ కమిషన్ ఆదేశాన్ని అమలుపరచడం, కాన్వాయ్‌లో నిత్యం తిరిగే వాహనాల ఇంజిన్‌ను ఏటా నిజంగా తనిఖీ చేయడం. వీటిలో ఏదీ రిబ్బను కత్తిరించే కార్యక్రమం కాదు. బహుశా జరగకపోవడానికి కారణమూ అదే.

1953లో గీసిన గీత దేశానికి సొంత కారును ఇచ్చింది. ఆ కారుకు తగిన విడిభాగాన్ని న్యాయమైన ధరకు, కావలసిన చోటుకు చేర్చే బాధ్యత మాత్రం ఏ ప్రభుత్వమూ పూర్తిగా నెత్తికెత్తుకోలేదు. ఆ బాకీని డెబ్బై ఏళ్లుగా టాక్సీ డ్రైవర్లూ మెకానిక్కులూ తీరుస్తున్నారు. అభయప్రాంతం నడిమధ్య ఒక బండి ఆగిన రోజున, ఆ బాకీతో ఏ సంబంధమూ లేని జారవాలు కూడా అందులో వాటాదారులవుతారు.