కందీలు అదే, రోష్నీ కొత్తది

మా ఇంటి సెహన్‌లో గోడకు ఒక పాత వీధిదీపం ఉంది. పైన అల్యూమినియం డొప్ప, కింద పసుపుబారిన గిన్నె. ఒకప్పుడు ఏదో సడక్ మీద 125 వాట్ల మెర్క్యురీ బల్బుతో వెలిగిన సామాను అది. కబాడీ దుకాణంలో తూకానికి పోబోతుంటే తెచ్చుకున్నాను. ఇప్పుడు దాని కడుపులో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఉంది. ఇంటికొచ్చిన మెహమాన్లు రెండు సవాళ్లు వేస్తారు. "ఎంతకు తెచ్చావు భాయ్?" అన్నది మొదటిది. "కొత్తది బజార్లో దొరుకుతుంటే ఈ చెత్త ఎందుకు?" అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. రెండోదానికి రెండు వందల ఏళ్ల తారీఖ్ చెప్పాలి. అందుకే ఈ వ్యాసం.

ముందు ఒక లఫ్జ్‌తో మొదలుపెడదాం. మన ఊళ్లలో లాంతరును 'కందీలు' అంటారు కదా, అది అరబీ మాట, ఉర్దూలో ఖందీల్. అరబీలోకి గ్రీకు నుంచి, గ్రీకులోకి లాటిన్ 'కాండేలా' నుంచి వచ్చింది. ఇంగ్లీషు 'క్యాండిల్' కూడా అదే ఖాందాన్. రోమనుల కొవ్వొత్తి, అరబ్బుల నూనె దీపం, మన దాదీ, నానీల కిరోసిన్ లాంతరు... పేరు ఒకటే నడిచొచ్చింది, లోపల మండేది మాత్రం జమానా జమానాకు మారింది. వీధిదీపాల కిస్సా కూడా అచ్చం ఇంతే. స్తంభం నిలబడే ఉంటుంది, లోపలి రోష్నీ మారుతుంది.

1807లో లండన్‌లోని పాల్ మాల్ వీధిలో ఫ్రెడరిక్ విన్సర్ అనే జర్మన్ గ్యాస్ దీపాలు వెలిగించి చూపించాడు. బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి తీసిన గ్యాస్ అది. అంతదాకా నూనె దీపాల గుడ్డి వెలుతురుకు అలవాటుపడిన కళ్లకు అది తమాషా. 1812లో గ్యాస్ కంపెనీకి రాజముద్ర దొరికింది. తర్వాత యూరప్ షహర్లన్నీ ఇనుప స్తంభాలు పాతుకున్నాయి. మన ముల్క్‌లో కలకత్తా వీధుల్లో గ్యాస్ దీపాలు వెలిగింది 1857లో.

ఆ గ్యాస్ దీపం నిజానికి ఉత్త మంట. గొట్టం కొన దగ్గర గ్యాస్ మండుతుంది, అంతే. వేడి ఎక్కువ, వెలుతురు తక్కువ. అందుకే కరెంటు రాగానే గ్యాస్ పని ఖతం అనుకున్నారు. 1881లో ఇంగ్లండ్‌లోని గోడాల్మింగ్ అనే చిన్న పట్నం నీటిచక్రంతో కరెంటు పుట్టించి తన వీధుల్లో విద్యుద్దీపాలు పెట్టింది. అందరికీ కరెంటు సరఫరా చేసిన తొలి ఊళ్లలో ఒకటిగా పేరు పొందింది. కానీ ఖర్చు గిట్టుబాటు కాలేదు. 1884లో ఆ ఊరే మళ్లీ గ్యాస్ దీపాలకు తిరిగి వెళ్లింది. కొత్తది వచ్చినంత మాత్రాన పాతది ఆ రాత్రికి రాత్రే మాయం కాదని చెప్పే సంఘటన ఇది.

అంతలో గ్యాస్‌కు ప్రాణం పోసినవాడు ఆస్ట్రియా కెమిస్ట్ కార్ల్ ఔవర్ ఫాన్ వెల్స్‌బాఖ్. 1885లో ఆయన గ్యాస్ మాంటిల్‌కు పేటెంట్ తీసుకున్నాడు. పెళ్లి బారాత్‌లో పెట్రోమాక్స్ దీపం చూసినవాళ్లకు మాంటిల్ తెలుసు. అదే తెల్లటి చిన్న జాలీ సంచి. 1891 నాటికి ఆయన అందులో 99 పాళ్లు థోరియం ఆక్సైడ్, 1 పాలు సీరియం ఆక్సైడ్ కలిపే నుస్ఖా కనిపెట్టాడు. మంట ఆ జాలీని వేడెక్కిస్తే జాలీ తెల్లగా మెరుస్తుంది. అదే గ్యాస్‌తో ఎన్నో రెట్లు వెలుతురు. స్తంభం మార్చలేదు, గొట్టం మార్చలేదు. లోపలి బర్నర్ మార్చారు, మాంటిల్ తగిలించారు.

ఈ రోజు 'రెట్రోఫిట్' అని పెద్ద పేరు పెట్టి పిలుస్తున్నది ఇదే. పాత శరీరంలో కొత్త జాన్ పోయడం. ఆ తర్వాత చాలా ఊళ్లలో అవే గ్యాస్ స్తంభాల లోపల నుంచి వైర్లు లాగి కరెంటు బల్బులు బిగించారు.

మన దక్కన్ వైపు చూస్తే, శివనసముద్రం జలపాతం కరెంటుతో బెంగళూరు వీధిదీపాలు 1905 ఆగస్టు 5న వెలిగాయి. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున నిజాం సర్కారు థర్మల్ పవర్ స్టేషన్ పెట్టింది 1920లో. బొగ్గు దూరం నుంచి రావాలి, కరెంటు ఖరీదు. కాబట్టి ఒక వాట్ కరెంటుతో ఎంత వెలుతురు పిండగలం అన్నదే అప్పటి ఇంజనీర్లకు పెద్ద ఫికర్.

వెలుతురును ల్యూమెన్లలో కొలుస్తారు. పాత తీగ బల్బు వాట్‌కు పది, పదిహేను ల్యూమెన్లు ఇస్తుంది. మిగిలిందంతా వేడి. 1930ల్లో వచ్చిన హై ప్రెషర్ మెర్క్యురీ బల్బు దాదాపు యాభై ఇచ్చింది. నీలిఛాయ తెలుపు, వెలగడానికి నాలుగైదు నిమిషాలు, కరెంటు పోయి వస్తే మళ్లీ చల్లారేదాకా సబర్ చేయాలి. పల్లెల్లో, గలీల్లో రేకు డబ్బాలో 40 వాట్ల ట్యూబులైటు, దానికో చోక్, ఒక స్టార్టర్. సడక్‌ల మీద తర్వాత నారింజ రంగు సోడియం దీపాలు వచ్చాయి, అవి వాట్‌కు వంద దాకా ఇచ్చాయి. అన్నిటికన్నా పొదుపైనది లో ప్రెషర్ సోడియం దీపం. 1932లో నెదర్లాండ్స్‌లో తొలిసారి రోడ్డు మీద వెలిగింది. తర్వాతి రోజుల్లో వాట్‌కు 180 ల్యూమెన్ల దాకా వెళ్లింది. దాని ఐబ్ ఒక్కటే. ఒకే ఒక పసుపు రంగు కాంతి కాబట్టి దాని కింద ఎర్ర దుపట్టా, పచ్చ దుపట్టా రెండూ బూడిదరంగే. చుక్కలను చూసే శాస్త్రవేత్తలకు మాత్రం అది ముద్దు. ఒకే రంగు గనుక వాళ్ల పరికరాలు దాన్ని తేలిగ్గా వడగట్టేస్తాయి.

1990ల్లో జపాన్ శాస్త్రవేత్తలు నీలి ఎల్‌ఈడీని సాధించడంతో తెల్ల ఎల్‌ఈడీకి దారి పడింది. ఆ పనికి 2014లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను చితక్కొట్టింది. కూలిన స్తంభాలు, ఆరిన వీధులు. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే ఆ షహర్‌లో తొంభై వేలకు పైగా వీధిదీపాలను ఎల్‌ఈడీకి మార్చారు. 2015లో దేశమంతటికీ ఆ పథకం మొదలైంది. మన గలీల్లో రేకు డబ్బాలు, నారింజ రోష్నీ ఒక్కొక్కటే మాయమైంది అప్పటినుంచే.

దించిన సామాను ఎక్కడికి పోయింది? చాలావరకు కబాడీకి. అక్కడే మొదలవుతుంది కొందరి షౌఖ్. ఇంగ్లండ్‌లో, అమెరికాలో పాత వీధిదీపాలు జమ చేసేవాళ్లున్నారు. తుక్కుకు పోయే డొప్పను తెచ్చి, తుప్పు గీకి, రంగు వేసి, తోటలోనో షెడ్డులోనో నిలబెడతారు. అసలు బల్బులు దొరకడం కష్టమైపోయింది. మెర్క్యురీ దీపాల చోక్‌ల తయారీని అమెరికా 2008 నుంచి నిషేధించింది. యూరప్‌లో మెర్క్యురీ దీపాల అమ్మకం 2015లో ఆగింది. లో ప్రెషర్ సోడియం దీపాల తయారీని ఫిలిప్స్ 2019 చివర్లో ఆపేసింది. అందుకని కొందరు పాత బల్బులు దాచుకుని ఈద్‌కో పండక్కో అన్నట్టు అప్పుడప్పుడు వెలిగిస్తారు. కొందరు లోపల చిన్న ఎల్‌ఈడీ పెట్టి రోజూ వాడుకుంటారు.

వీళ్లను పిచ్చివాళ్లనకండి. 2021లో లండన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో మిగిలిన సుమారు 300 గ్యాస్ దీపాలను ఎల్‌ఈడీకి మార్చాలని కౌన్సిల్ తలపెడితే మొహల్లావాళ్లే లేచి వద్దన్నారు. చివరికి వాటిలో చాలా దీపాలకు వారసత్వ కట్టడాల రక్షణ దొరికింది. ఒక వీధి యాద్ దాని వెలుతురు రంగులో కూడా ఉంటుందని వాళ్ల దలీల్.

నా దలీల్ వేరు. ఈ తారీఖ్ మొత్తం చదివాక నాకు ఒక సంగతి గుచ్చుకుంది. ప్రతి జమానాలోనూ మనిషి వెలుతురును చవక చేశాడు. చవకైన ప్రతిసారీ మిగిలింది దాచుకోలేదు, ఇంకా ఎక్కువ దీపాలు పెట్టాడు. 2017లో వెలువడిన ఒక ఉపగ్రహ అధ్యయనం ప్రకారం 2012 నుంచి 2016 దాకా భూమి మీద రాత్రిపూట వెలుగుతున్న నేల ఏడాదికి 2.2 శాతం చొప్పున పెరిగింది. ఎల్‌ఈడీ దునియా అంతా పాకుతున్న రోజులే అవి. వాట్లు తగ్గించే హునర్ మనకు వచ్చింది, "ఇంత చాలు" అనే హునర్ రాలేదు. మన పెద్దలు దానికి పెట్టిన పేరు ఇస్రాఫ్, దుబారా.

షౌఖీన్ మాత్రం వేరే లెక్క వేస్తాడు. నా సెహన్ దీపమే తీసుకోండి. 125 వాట్ల మెర్క్యురీ బల్బు, దాని చోక్ తినేదీ కలిపి రాత్రి పన్నెండు గంటలకు ఒకటిన్నర యూనిట్లు దాటుతుంది. 9 వాట్లదైతే యూనిట్‌లో తొమ్మిదో వంతు. వెలుతురు కూడా తగ్గింది, ఆరు వేల ల్యూమెన్ల చోట ఎనిమిది, తొమ్మిది వందలు. కానీ సెహన్‌లో చెప్పులు వెతుక్కోవడానికి, ఇషా తర్వాత నలుగురు కూర్చుని మాట్లాడుకోవడానికి అంతకన్నా ఎందుకు?

పని తేలికేం కాదు. మొదటిసారి నేను చోక్ తీయకుండానే ఎల్‌ఈడీ బిగించాను, డొప్పను గట్టిగా మూసేశాను. రెండు నెలల్లో బల్బు మాడింది. మెర్క్యురీ బల్బు వేడిని తట్టుకుంటుంది, ఎల్‌ఈడీ లోపలి డ్రైవర్ తట్టుకోదు. దానికి గాలి కావాలి. చోక్‌ను, కెపాసిటర్‌ను లైన్లోంచి తప్పించి కరెంటు నేరుగా హోల్డర్‌కు ఇవ్వాలి. కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉంటుంది, ముట్టుకుంటే కొడుతుంది. లోహపు డొప్పకు ఎర్త్ తప్పనిసరి. పాత మెర్క్యురీ బల్బును పిల్లల చేతికివ్వకండి, పగలగొట్టకండి, లోపల ఉన్నది పాదరసం. వైరింగ్ తెలియకపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్ భాయ్‌ను పిలవండి. ఇంకో మాట, స్తంభం మీద ఉన్న సర్కారు దీపం జోలికి మాత్రం పోవద్దు. కబాడీలో హలాల్‌గా కొన్నదే మనది.

మొన్న మఘ్రిబ్ వేళ స్విచ్ వేస్తే అమ్మీ తల పైకెత్తి చూసింది.

"బేటా, ఇది మన పాత గలీ మలుపులో ఉండేదాని లాంటిదే కదా?"

"అవునమ్మీ, అలాంటిదే."

"ఆ దీపం కింద కూర్చుని మీ అబ్బా ఇంటర్ పరీక్షలకు చదువుకునేవారంట. ఇంట్లో కరెంటు లేదు అప్పుడు. పురుగులు పుస్తకం మీద రాలుతుంటే ఊదుకుంటూ చదివేవారంట."

ఈ సంగతి అబ్బా నాకెప్పుడూ చెప్పలేదు. అడుగుదామంటే ఇప్పుడు ఆయన లేరు. ఆ దీపం లేకపోతే ఆ చదువు లేదు, ఆ చదువు లేకపోతే ఈ ఇల్లూ లేదు. "ఈ చెత్త ఎందుకు?" అని ఇక ఎవరైనా అడిగితే జవాబు అమ్మీనే చెప్పమంటాను.